రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఏ పుస్తకం?

పిల్లలకు ఏ పుస్తకాలు కొనాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. పిల్లల్ని ఎట్లా పెంచాలో చెప్పే పుస్తకాలు అంతకన్నా ఎక్కువున్నాయి. హోంవర్కు చూసి, రేపటి క్యారియర్లు కడిగి బోర్లించి, చిన్నది నిద్రపోయాక అమ్మో నాన్నో తమ కోసం తాము ఏం చదువుకోవాలన్నది మాత్రం ఎవరికీ పట్టదు. ఈ పోలిక వాళ్ల కోసం. కర్నూలు, అనంతపురం, కడప వైపు ఉంటూ ఉద్యోగమో, అంగడో, మగ్గమో, సేద్యమో చూసుకుంటూ, ఒకప్పుడు చదివే అలవాటు ఉండి ఇప్పుడు తప్పిపోయినవాళ్లను మనసులో పెట్టుకుని రాసింది.

అలవాటు తప్పినవాళ్లు మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పెద్ద పేరున్న పుస్తకం కొంటారు. అవార్డు వచ్చింది, అందరూ బాగుందన్నారు, నాలుగు వందల పేజీలు. నలభయ్యో పేజీలో గుర్తుగా పెట్టిన బస్సు టికెట్ ఏడాది తర్వాత కూడా అక్కడే ఉంటుంది. పుస్తకంలో లోపం లేదు, చదివేవాళ్లలోనూ లేదు. ఆ పుస్తకం అడిగే టైము ఒక రకం, ఇంట్లో దొరికే టైము ఇంకో రకం. అందుకే పిల్లలున్న ఇంట్లో పుస్తకాన్ని ఒక్క కొలతతో చూడాలి: మూడు రోజులు వదిలేసి మళ్లీ తెరిస్తే కథ ఎంతసేపట్లో చేతికందుతుంది? ఒక నిమిషంలో అందితే అది మీ పుస్తకం. పది పేజీలు వెనక్కి తిప్పాల్సి వస్తే, ఎంత గొప్పదైనా సరే, వేసవి సెలవులకు పిల్లలు అవ్వోళ్ల ఊరికి పోయినప్పుడు తీయండి.

ముందు మీ పేజీ లెక్క

తెలుగు పుస్తకాలు ఎక్కువగా డెమ్మీ సైజులో వస్తాయి. ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల పొడవు. అట్లాంటి పేజీలో సుమారు 250 మాటలు పడతాయి. అలవాటున్నవాళ్లకు పేజీకి రెండు నిమిషాలు చాలు. చదివి ఏళ్లయినవాళ్లకు మొదట్లో మూడు కూడా పట్టొచ్చు, కంగారేం లేదు, నాలుగైదు రాత్రుల్లో అదే దిగుతుంది. మీది ఎంతో తెలియాలంటే ఇంట్లో ఉన్న ఏదో ఒక కథల పుస్తకం తీసి, ఫోన్లో గడియారం పెట్టుకుని, ఐదు పేజీలు మామూలుగా చదవండి. వచ్చిన నిమిషాలను ఐదుతో భాగించండి. పోటీ పరీక్షకు చదివినట్టు పరుగెత్తొద్దు, లెక్క తప్పుతుంది.

రాత్రికి ఇరవై నిమిషాలు దొరికితే పది పేజీలు. వారానికి ఐదు రాత్రులే లెక్కేసుకోండి. జ్వరాలు, పెళ్లిళ్లు, ఊరినుంచి వచ్చిన చుట్టాలు తక్కిన రెండు రాత్రుల్నీ మింగేస్తారు. అంటే వారానికి యాభై పేజీలు. 240 పేజీల నవలకు ఐదు వారాలు, 120 పేజీల చిన్న నవలకు రెండున్నర వారాలు, పది పేజీల కథకు ఒక్క రాత్రి. మళ్లీ మొదలుపెట్టేవాళ్లు నెలకు మించి పట్టే పుస్తకం జోలికి పోకపోవడం మంచిది. ఒక పుస్తకం ముగించి పక్కన పెట్టిన తృప్తి ఉంటేనే రెండోదానికి చెయ్యి సాగుతుంది.

కథలా, నవలా?

తీరిక లేనివాళ్లకు కథలే మేలని ఎవరిని అడిగినా చెప్తారు. అది సగమే నిజం. ప్రతి కథా కొత్త గుమ్మం. కొత్త పేర్లు, కొత్త ఊరు, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియని మొదటి రెండు పేజీలు. చదివేవాళ్లకు అన్నిటికన్నా కష్టమైనవి ఆ రెండే. ఇరవై పేజీల కథను పదకొండో పేజీ దగ్గర "అమ్మా, నీళ్లు" అన్న పిలుపు తెంపితే, మరుసటి రాత్రి మళ్లీ మొదటినుంచి రావాల్సిందే. నవలలో ఆ గుమ్మం ఒకసారి దాటితే చాలు, తర్వాత రోజూ తెలిసినవాళ్లింటికి పోయినట్టే ఉంటుంది. కాబట్టి కథల పుస్తకం కొనేముందు చూడాల్సింది ఒక కథ పొడవు. విషయసూచిక తెరిచి పక్కపక్కన ఉన్న రెండు అంకెలు తీసేయండి. 23, 31 అని ఉంటే ఎనిమిది పేజీల కథ. 23, 47 అని ఉంటే అది మీ మామూలు రాత్రికి ఒదగదు. సూచికలో సగానికి పైగా కథలు మీ ఒక్క కూర్చోవడంలో అయిపోయేవైతేనే తీసుకోండి.

పొట్టి కథలకు కొలబద్దగా పెట్టుకోదగినది పాతదే, సత్యం శంకరమంచి 'అమరావతి కథలు'. నూరు కథలు, వారపత్రికలో వరసగా వచ్చినవి కాబట్టి ఒక్కోటి మూడు నాలుగు పేజీల్లో ముగుస్తుంది. పాలు పొంగేలోపు ఒకటి అయిపోతుంది. పాలు పొంగిపోయినా ఆశ్చర్యం లేదు. కృష్ణ ఒడ్డు కథలు మనకెందుకు అంటారా, సరే, మన వైపు పుస్తకాలకే వద్దాం.

వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' పలచటి పుస్తకం. మన వైపు పేద ముస్లిం ఇళ్ల కథలు, ఇంట్లో మాట్లాడుకునే భాష. 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం దీనికే వచ్చింది. కడప జిల్లా చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకు ఇందులో గుమ్మం దాటే కష్టం ఉండదు, మొదటి వాక్యంలోనే ఇంట్లో ఉంటారు. అదే జిల్లా నుంచి కేతు విశ్వనాథరెడ్డి కథలు ఇంకో దారి. ఆ సంపుటికి 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన గొంతు పెంచరు, వాక్యం నెమ్మదిగా నడుస్తుంది, చెప్పాల్సినదాంట్లో సగం చెప్పకుండా వదిలేస్తారు. అందుకే నిద్ర కళ్లతో చదివితే "ఇంతేనా" అనిపిస్తుంది. ఆదివారం పొద్దున పిల్లలు టీవీ ముందున్నప్పుడు చదివితే అదే కథ మధ్యాహ్నం దాకా వెంటాడుతుంది. రెండిట్లో ఒకటే కొనగలిగితే, రాత్రి చదివేవాళ్లు 'జుమ్మా', తెల్లారుజామున లేచేవాళ్లు కేతు కథలు తీసుకోవడం మేలు.

సీమ కథలతో వచ్చే చిక్కు ఒకటుంది, దాచి లాభం లేదు. కరువు, అప్పు, కక్షలు, వలస: చాలా సంపుటాల్లో కథ మీద కథ ఇదే బరువు. ఒక్కొక్కటి విడిగా గొప్పగా ఉంటుంది. రాత్రిపూట మూడు వరసగా చదివితే నిద్ర పట్టదు, నాలుగో రాత్రి పుస్తకం తెరవబుద్ధి కాదు. అప్పుడు చాలామంది "నాకు సాహిత్యం పడదులే" అనుకుని ఫోన్ తీసుకుంటారు. పడనిది సాహిత్యం కాదు, మోతాదు. బరువైన కథ ఒకటి చదివాక మరుసటి రాత్రి నవ్వించేది ఒకటి చదవండి. సోమరాజు సుశీల 'ఇల్లేరమ్మ కథలు' ఈ పనికి బాగా పనికొస్తుంది. ఒక గడుగ్గాయి ఆడపిల్ల చెప్పే ఇంటి సంగతులు, ఇంట్లో అట్లాంటి పిల్ల ఉన్నవాళ్లకు ఇంకా నవ్వొస్తుంది. ఇట్లా రెండు పుస్తకాలు పక్కపక్కన నడిపించొచ్చు. మూడోది వద్దు, మూడు నడిపితే మూడూ ఆగిపోతాయి.

కొత్తగా ఎవరు ఏం రాస్తున్నారో తెలుసుకునే తీరిక లేనివాళ్లకు అన్నిటికన్నా సులువైన దారి వార్షిక సంకలనం. కథాసాహితి వాళ్లు 1990 నుంచి ఏడాదికొకటి చొప్పున 'కథ' పేరుతో ఆ ఏటి మంచి కథల్ని ఏర్చి పుస్తకంగా వేస్తూ వచ్చారు. అందులో మీకు నచ్చిన రెండు కథలెవరివో చూసి, ఆ రచయితల సొంత పుస్తకాలు వెతుక్కోవచ్చు. చీర కొనేముందు కొంగు అంచు పట్టి చూసినట్టు. సంకలనంలో వరసగా అన్నీ చదవాలన్న మొక్కేం లేదు. మొదటి పేజీ పట్టుకోకపోతే తర్వాతి కథకు వెళ్లిపోండి.

ఇక నవల. మన నేలమీద నుంచి ఈ పదేళ్లలో వచ్చిన రెండిటిని పక్కపక్కన పెడితే ఎంపిక ఎట్లా చేయాలో తేటగా కనిపిస్తుంది. సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి 'కొండపొలం', బండి నారాయణస్వామి 'శప్తభూమి'. రెండూ తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) నవలల పోటీల్లో గెలిచినవే. 'శప్తభూమి'కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. 'కొండపొలం' 2021లో సినిమాగా వచ్చింది.

కొండపొలం అంటే తెలియనివాళ్లు మన పట్టణాల్లో ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఊర్లో గడ్డి, నీళ్లు అయిపోయినప్పుడు గొర్రెల కాపరులు మందల్ని తోలుకుని వారాల తరబడి నల్లమల అడవిలోకి పోతారు. వాన పడి ఊర్లో పచ్చిక మొలిచేదాకా అడవే ఇల్లు. ఆ పోకనే కొండపొలం అంటారు. చదువుకుని ఉద్యోగం రాని కుర్రాడు పెద్దవాళ్లతో కలిసి అట్లా అడవికి పోవడమే నవల. చదువరికి ఇందులో ఉన్న సుఖమేమంటే దారి ఒక్కటే. ఒక మనిషి, ఒక మంద, ఒక అడవి, ముందుకు నడక. ఎక్కడ ఆపినా "మంద ఇప్పుడు ఎక్కడుంది, తాగడానికి నీళ్లు దొరికాయా" అన్న ఒక్క ప్రశ్నతో మళ్లీ అందుకోవచ్చు. నాలుగు రోజులు వదిలేసినా అడవి అడవిలాగే ఉంటుంది. సినిమా చూసినవాళ్లు కథ తెలుసు కదా అని పక్కన పెట్టొద్దు. అడవిలో దినచర్య, మందల నడక, కాపరుల మాటలు పుస్తకంలోనే తీరిగ్గా ఉన్నాయి. పైగా కథ ముందే తెలిసి ఉండటం తీరిక లేనివాళ్లకు లాభమే, తెగిన చోటు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

'శప్తభూమి' పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం సీమ. హండే రాజులు, పాలెగాళ్లు, ఊళ్లు, కులాలు, ఆచారాలు, ఎందరో మనుషులు. ఒక్క మనిషి వెంట నడిచే కథ కాదిది, ఒక కాలమంతా కదులుతుంది. బుక్కరాయసముద్రం చెరువు కట్టమీద రోజూ స్కూటర్లో పోయేవాళ్లకు ఆ నేలే ఇట్లా ఉండేదా అని ఒళ్లు జలదరించే పుస్తకం. అయితే రోజుకు పది పేజీల లెక్కన దీన్ని మొదలుపెడితే ముప్ఫయ్యో పేజీకి పేర్లు కలగాపులగం అవుతాయి. ఈ నవలకు మొదట్లో ఒక పెద్ద కూర్చోవడం కావాలి. ఒక ఆదివారం రెండు గంటలు ఇచ్చి అరవై పేజీలు ఒక్కదెబ్బకు దాటితే, ఆ తర్వాత రాత్రికి పది పేజీల చొప్పున సాగుతుంది. ఆ రెండు గంటలు దొరికే దారి లేకపోతే ఇప్పుడు వద్దు. ముందు 'కొండపొలం', అలవాటు కుదిరాక 'శప్తభూమి'.

ఏ నవలకైనా ఒక చిన్న ఉపాయం. బస్సు టికెట్ బదులు గట్టి కాగితం ముక్క, పెళ్లిపత్రిక వెనకభాగమైనా సరే, గుర్తుగా పెట్టుకోండి. కొత్త మనిషి వచ్చినప్పుడల్లా దానిమీద పేరు, ఎవరికి ఏమవుతాడు, ఏ పేజీలో వచ్చాడు, ఈ మూడే రాయండి. రాత్రి పుస్తకం మూసేముందు చివరి గీతగా "ఇప్పుడు ఏం జరగబోతోంది" అన్నది ఐదారు మాటల్లో రాయండి. "మంద వాగు దాటాల" అంటే చాలు. ఇది అర నిమిషం పని, మరుసటి రోజు ఐదు నిమిషాలు మిగులుస్తుంది. పేజీ మధ్యలో ఆపొద్దు. అధ్యాయం చివర ఆపడం కన్నా కొత్త అధ్యాయం మొదటి పేజీ చదివి ఆపితే మళ్లీ అందుకోవడం ఇంకా తేలిక, ఎందుకంటే అప్పటికే గుమ్మం దాటి ఉంటారు.

ఆత్మకథలు, యాత్రలు కథలకూ నవలకూ మధ్య నిలుస్తాయి. తిరుమల రామచంద్ర 'హంపీ నుంచి హరప్పా దాకా' లావు పుస్తకమే గానీ ఎక్కడ తెరిచినా చదవొచ్చు. హంపీ పక్కన చిన్నతనం, లాహోరులో రాతప్రతుల మధ్య కొలువు, పత్రికల పని, స్వాతంత్ర్యోద్యమం: ఏ ముక్కకా ముక్క నిండుగా ఉంటుంది. పడుకుని చదివే పుస్తకం కాదు, చేతులు లాగుతాయి. ఒళ్లో దిండు పెట్టుకుని చదవండి.

కవిత్వమంటే భయపడేవాళ్లకు విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'. తరిమెల ఊరి మనిషి పెన్న గురించి, కరువు గురించి రాసిన చిన్న కావ్యం. కళ్లతో చదివితే సగమే అందుతుంది. పైకి చదవాలి. పిల్లలు మేలుకుని ఉన్నప్పుడు కూడా చదవగలిగే పుస్తకం ఈ మొత్తంలో ఇదొక్కటే. వాళ్లకు అర్థం కాకపోయినా లయకు ఊగుతారు.

అనువాదాలు కొనేటప్పుడు

కన్నడ సాహిత్యం మనకు పక్కింటిది. ఆదోని మనిషి రంగనాథ రామచంద్రరావు కన్నడ నుంచి ఎన్నో పుస్తకాలు తెచ్చారు, 'ఓం ణమో' నవల అనువాదానికి కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం అందుకున్నారు. బళ్లారి, రాయచూరుతో బంధుత్వాలున్న ఆదోని, గుంతకల్లు, హిందూపురం ఇళ్లలో ఇవి మరీ దగ్గరగా అనిపిస్తాయి.

అనువాదం ఎవరిదైనా, అంగట్లో నిలబడి ఒక పరీక్ష చేయండి. మధ్యలో మనుషులు మాట్లాడుకునే పేజీ తీసి, పెదవులు కదిలిస్తూ చదవండి. "యొక్క", "చేయబడింది", "కలిగి ఉన్నాడు" పేజీకి మూడుసార్లు తగిలితే పుస్తకం కిందపెట్టేయండి. తెలుగు వాక్యం నోట్లో తిరగకపోతే పేజీకి రెండు నిమిషాల లెక్క నాలుగవుతుంది, అలసిన రాత్రి దానికి ఓపిక ఉండదు. ముఖచిత్రం, వెనక అట్టమీది పొగడ్తలు చూడకుండా ఈ ఒక్క పేజీ చూస్తే చాలు.

కాగితమా, ఫోనా, చెవులా?

పిల్లలున్న ఇంట్లో రాత్రిపూట కాగితం పుస్తకానికే ఓటు. కారణం ఒకటే, దాంట్లో వాట్సాప్ మోగదు. ఫోన్లో కథ చదవడానికి కూర్చున్నవాళ్లు ఇరవై నిమిషాల్లో పన్నెండు నిమిషాలు స్కూలు గ్రూపులోనే ఉంటారు. ఫోన్ తప్పదంటే విమానం గుర్తు నొక్కి, అన్నీ ఆపి, అప్పుడు తెరవండి.

కాగితం పుస్తకంలో కొనేముందు రెండు చూడాలి. ఒకటి అక్షరం. తెలుగులో వత్తులు, గుడులు ఉంటాయి కాబట్టి అక్షరం మరీ చిన్నదైతే నలభై దాటిన కళ్లకు "క్ష్మ" వంటివి మసకగా ముద్దైపోతాయి. చేతి దూరంలో పెట్టి చదవండి, వత్తు విడిగా కనిపించాలి. రెండోది బైండింగు. నడుమ తెరిచి పేజీల మడతల్లో చూస్తే దారం కుట్లు కనిపించాలి. ఒట్టి జిగురుతో అంటించినదాన్ని పూర్తిగా విప్పి బోర్లిస్తే వీపు పగిలి రేకులు ఊడతాయి. ఏప్రిల్, మే నెలల్లో కారులో ముందు అద్దం కింద పెట్టి పోతే జిగురు మెత్తబడి పేజీలు జారతాయి. మన ఎండలకు అది గంట పని.

ఫోన్లో ఉచితంగా దొరికేవి తక్కువేం కాదు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు స్థాపించిన కథానిలయం వెబ్‌సైటులో వేల కథలు స్కాన్ చేసి పెట్టారు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాలు గుట్టలుగా ఉన్నాయి. చిక్కెక్కడంటే ఇవి చాలావరకు పేజీ ఫొటోలు. ఆరంగుళాల ఫోన్లో డెమ్మీ పేజీ మొత్తం కనబడితే అక్షరాలు ఆవగింజలు, పెద్దవి చేస్తే ప్రతి వాక్యానికీ పక్కకు జరపాలి. ఫోన్ అడ్డంగా తిప్పితే కొంత నయం. పదంగుళాల ట్యాబ్ ఉంటే అసలు బాధే లేదు. కిండిల్ వంటి చదివే యంత్రం తెలుగు కోసమే కొంటానంటే వద్దనే చెప్పాలి. ఇంగ్లీషు పుస్తకాలకు ఉన్నంత ఎంపిక తెలుగులో లేదు, ఆరంగుళాల తెర మీద స్కాన్ పేజీలకు పైన చెప్పిన కష్టమే. ఇంగ్లీషు కూడా చదివే ఇల్లయితే సంగతి వేరు.

చేతులు ఖాళీ లేనివాళ్లకు వినడమే దారి. రాగి సంగటి వండే పొయ్యి దగ్గర లెక్క చూద్దాం. ఎసరు మరగాలి, బియ్యం మెత్తగా ఉడకాలి, పిండి పోసి మూతపెట్టి సన్నమంట మీద ఉంచాలి, తర్వాత కట్టెతో ఉండలు లేకుండా కెలకాలి. మొత్తం ముప్పావు గంట దగ్గర పడుతుంది. పైకి చదివితే పేజీకి రెండున్నర నిమిషాలు, పది పేజీల కథకు ఇరవై ఐదు నిమిషాలు. కాబట్టి ఎసరు పెట్టగానే కథ మొదలుపెడితే పిండి పోసేసరికి ముగుస్తుంది. కెలికేటప్పుడు వద్దు, అప్పుడు చెవి కథ మీద ఉంటే సంగట్లో ఉండలు, చెయ్యి సంగటి మీద ఉంటే కథలో ఖాళీలు. ఫోన్ పొయ్యి గట్టుమీద పెట్టకుండా కిటికీలో పెట్టండి, ఆవిరి తగలదు. ఒక చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, రెండో చెవి పిల్లలకు.

మగ్గం దగ్గర కూడా చాలామంది వింటారు. ధర్మవరం ఇళ్లలో పాటలు మోగడం కొత్తేం కాదు. నాడె (పోగును అటూ ఇటూ తీసుకుపోయేది) ఒకే తీరున ఆడుతున్నంతసేపు కథ సాగుతుంది, పోగు తెగితే చెవి తానే కథను వదిలేస్తుంది. అందుకే అక్కడ నవల కన్నా మాట్లాడుకునే కార్యక్రమాలు మేలు, నడుమ రెండు నిమిషాలు పోయినా నష్టం లేదు. రచయితల జీవితాల మీద, పుస్తకాల మీద కిరణ్‌ప్రభ చేసే టాక్ షోలు యూట్యూబ్‌లో ఉన్నాయి, ఇట్లాంటి వేళలకు అచ్చం సరిపోతాయి. కథలు వినాలంటే హర్షణీయం పాడ్‌కాస్ట్ ఉంది. పుస్తకాలు వినాలంటే దాసుభాషితం ఆప్ ఉంది. 240 పేజీల నవల వినడానికి పది గంటలు పడుతుంది, వేగం ఒకటింపావు పెడితే ఎనిమిది. డబ్బు కట్టేముందు నమూనాలో సంభాషణ వచ్చే చోట మూడు నిమిషాలు వినండి. సీమ యాసలో రాసిన మాటల్ని కోస్తా గొంతు బడి పాఠంలా అప్పజెప్తే కథ అక్కడికక్కడే చచ్చిపోతుంది. అట్లాంటిది ఎదురైతే ఆ పుస్తకం కాగితంలోనే చదువుకోవాలి.

బస్సులో? కర్నూలు నుంచి నంద్యాలకు, కడప నుంచి ప్రొద్దుటూరుకు రోజూ తిరిగే టీచర్లకు, బ్యాంకు ఉద్యోగులకు దొరికే గంట నిజానికి మంచి టైము, పిలిచేవాళ్లుండరు. కూర్చుని చదివితే తల తిరిగేవాళ్లు చక్రాల మీది సీట్లు వదిలి మధ్య సీటు పట్టుకోండి. అప్పటికీ తిప్పితే వినడమే. పొద్దున పోయేటప్పుడు నవల, సాయంత్రం అలసి వచ్చేటప్పుడు ఏమీ వద్దు, కిటికీ చాలు.

ఎక్కడ దొరుకుతాయి

ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా మనం కడుతూనే ఉన్నాం, చాలామందికి ఆ సంగతి తెలియదు. కర్నూలు, అనంతపురం, కడప మూడిట్లోనూ జిల్లా కేంద్ర గ్రంథాలయాలున్నాయి, డిపాజిట్ కట్టి సభ్యులైతే పుస్తకాలు ఇంటికి ఇస్తారు. పాత కథలకు, పెద్ద రచయితల సంపుటాలకు, పిల్లల పుస్తకాలకు అక్కడికే పోండి. సెలవు ఆదివారం అనుకుని ఊరుకోవద్దు, మామూలుగా వారపు సెలవు శుక్రవారం. ఒకసారి బోర్డు చూసుకుంటే ఆదివారం పిల్లల్ని కూడా వెంటబెట్టుకు పోవచ్చు. చదివే గది పోటీ పరీక్షల కుర్రాళ్లతో నిండి ఉంటుంది, బెదరకుండా నేరుగా పుస్తకాలిచ్చే బల్ల దగ్గరికి పోండి. కడపలో ఉన్నవాళ్లకు సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం గ్రంథాలయం అదనం. అక్కడ కూర్చుని చదువుకోవచ్చు, పాత పుస్తకాల కోసమైతే అంతకన్నా మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదు.

కొత్త పుస్తకాలకు మాత్రం గ్రంథాలయాన్ని నమ్ముకుంటే ఆలస్యం. సీమ రచయితలు చాలామంది సొంత డబ్బుతో ఐదు వందలో వెయ్యో ప్రతులు వేసుకుంటారు. అవి అయిపోతే మళ్లీ అచ్చు ఎప్పుడో. నచ్చిన పుస్తకం కనిపించినప్పుడే తీసుకోవాలనడానికి కారణం ఇదే. అంగట్లో లేకపోతే పుస్తకం మొదటి పేజీల్లో "ప్రతులకు" అన్న చోట ఫోన్ నంబరు ఉంటుంది. ఎవరి దగ్గరైనా ఆ పుస్తకం ఉంటే ఆ పేజీ ఫొటో అడిగి, నేరుగా ఫోన్ చేయండి. తరచుగా రచయితే ఎత్తుతారు, డబ్బు ఫోన్‌పేలో పంపితే పుస్తకం పోస్టులో వస్తుంది. 2025 మే 1 నుంచి తపాలా శాఖ పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ అనే సేవ పెట్టింది. 300 గ్రాముల లోపు పార్శిలుకు ఇరవై రూపాయలు, ఐదు కిలోల దాకా నూరు, పన్ను అదనం. రోడ్డు, రైలు మీదుగా వస్తుంది కాబట్టి రెండు రోజుల్లో రావాలని పట్టుబట్టకూడదు. నూట అరవై పేజీల కథల పుస్తకం మామూలుగా ఆ 300 గ్రాముల లోపే తూగుతుంది. నలుగురు టీచర్లు కలిసి ఐదారు పుస్తకాలు ఒకే కట్టగా తెప్పించుకుంటే ఖర్చు ఇంకా కలిసొస్తుంది.

ఎప్పుడు మానేయాలో కూడా ముందే అనుకోండి. నవలకు ముప్ఫై పేజీలు, అంటే మూడు రాత్రులు. నాలుగో రాత్రి పుస్తకం వైపు చెయ్యి పోకపోతే ఇంకెవరికైనా ఇచ్చేయండి. కథల పుస్తకానికి పేరు కథతో తీర్పు చెప్పొద్దు, మధ్యలోవి రెండు చూసి చెప్పండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో, పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో, కొత్త నవల మొదలుపెట్టడం దండగ. ఆ రెండు నెలలు పొట్టి కథలతో గడపండి.

ఇంట్లో ఇద్దరూ చదివేవాళ్లయితే ఒకే నవలను ఇద్దరూ ఒకేసారి చదవొద్దు, ఒకళ్లు ముందుపోయి కథ చెప్పేస్తారు. ఒకరిది అయ్యాక ఇంకొకరు. మొదటివాళ్లు పేర్లు రాసుకున్న ఆ పెళ్లిపత్రిక ముక్క పుస్తకంలోనే ఉంచేయండి. చివరి గీతలు మాత్రం కొట్టేయండి, లేకపోతే వాగు దాటకముందే మంద సంగతి తెలిసిపోతుంది.